ఏ బండి మంచిది?

పిల్లలూ, "అన్ని బండ్లలోకీ మంచి బండి ఏది?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? ఒకరు కారు అంటారు. ఒకరు రైలు అంటారు. ట్రాక్టరు ఉన్న ఇంటి పిల్లవాడు ట్రాక్టరే అంటాడు. నన్ను అడిగితే మట్టుకు, "ఆ ప్రశ్నే సరిగా లేదు" అంటాను.

ఎందుకో చెబుతాను. నా చిన్నతనంలో మా నల్లగొండ జిల్లా పల్లెల్లో రెండు రకాల ఎడ్ల బండ్లు ఉండేవి. పెళ్ళికీ, జాతరకూ పోవడానికి సవారీ కచ్చురం. దానికి పైన గూడు ఉండేది. లోపల గడ్డి పరిచి, పైన జంపఖానా వేసేవారు. ఎరువు తోలడానికీ, వడ్లు ఇంటికి చేర్చడానికీ పెద్దబండి. కచ్చురంలో ఎరువు తోలితే ఊరంతా నవ్వుతుంది. పెద్దబండిలో పెళ్ళికూతుర్ని పంపితే వియ్యాలవారు అలుగుతారు. అంతేకాదు. మా వైపు ఎర్రటి చల్క నేలల్లో నాలుగు చినుకులు పడ్డా బండి సాగిపోయేది. అదే బండి నల్లరేగడిలోకి దిగిందంటే చక్రాలకు ముద్దలు ముద్దలుగా బురద పట్టి, ఎడ్లు కదలలేక నిలబడిపోయేవి. బండి అదే, ఎడ్లు అవే. నేల ఒక్కటే మారింది. అందుచేత "ఏ బండి మంచిది?" అని అడిగే ముందు "ఏ పనికి? ఏ నేల మీద?" అని అడగాలి.

ఇంత చిన్న సంగతి మీద ఒక పెద్ద శాస్త్రమే నిలబడి ఉంది. సైన్యానికి కొత్త టాంకు తయారు చేయాలన్నా, సైనికులను మోసే కొత్త బండి కావాలన్నా, ఆ శాస్త్రం తెలిసినవాళ్ళు కూర్చుని లెక్కలు వేస్తారు. దాని పేరు వ్యవస్థా విశ్లేషణ. పేరు చూసి భయపడకండి. నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బళ్ళలో ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పినవాణ్ణి. మీకు వచ్చిన లెక్కలతోనే ఈ శాస్త్రాన్ని మీకు చెబుతాను.

ముందు మా బడిలో జరిగిన సంగతి ఒకటి వినండి. నేను దేవరకొండ వైపు ఒక ఊళ్ళో పనిచేసే రోజుల్లో, మా పదవ తరగతి పిల్లలకు పరీక్షా కేంద్రం 14 కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్ళో పడింది. పిల్లలు 31 మంది. దారికి అడ్డంగా ఒక వాగు. ఎండాకాలం కనుక వాగులో నీళ్ళు లేవు గాని, చక్రం దిగబడేంత ఇసుక ఉంది. పిల్లలను రోజూ వేళకు ఎలా చేర్చడం? ఊరి పెద్దలు ఒకరు జీపు మాట్లాడదామన్నారు, ఒకరు ట్రాక్టరు అన్నారు, ఒకరు బస్సు అన్నారు. నేను ఆ సమస్యను నల్లబల్ల మీద రాసి, "మీరే తేల్చండి" అని తరగతికి అప్పగించాను.

పిల్లలు లెక్క మొదలుపెట్టారు. జీపులో పది మంది పడతారు. 31 మందికి నాలుగు విడతలు కావాలి. ఒక్కో వైపు అరగంట చొప్పున, నాలుగు సార్లు పోవడానికీ మూడు సార్లు తిరిగి రావడానికీ కలిపి మూడున్నర గంటలు. పైగా ఇసుకలో జీపు దిగబడితే ఆ రోజు పరీక్ష పోయినట్టే. ట్రాక్టరు ట్రాలీలో అందరూ ఒకేసారి పడతారు, ఇసుకా దాటుతుంది. కాని గంటకు పైగా దుమ్ములో ఎగిరెగిరి పడుతూ పోయి, అప్పుడు కూర్చుని పరీక్ష ఏం రాస్తారు? ట్రాలీ బోల్తా పడుతుందన్న భయం కూడా ఉంది. బస్సు సుఖమే, కాని మూడు కిలోమీటర్లు నడిచి తారు రోడ్డు ఎక్కాలి. ఆ ఒక్క బస్సూ రాకపోతే వెనక ఇంకోటి లేదు.

ఇలా అందరూ వాదించుకుంటుంటే వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "సార్, మనకు కావలసింది బండా, పరీక్షా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "పరీక్షలయ్యేదాకా ఆ ఊళ్ళోనే ఉంటే రోజూ బండితో పనేముంది?" అన్నది. ఇక ఎవరూ నవ్వలేదు.

అలాగే చేశాం. ట్రాక్టరు ఒకే ఒకసారి పోయింది, అదీ బియ్యం, గిన్నెలు, పరుపుచుట్టలు వేసుకుని. పిల్లలు బస్సులో పోయారు. ఆ ఊరివాళ్ళు ఉండడానికి చోటిచ్చారు. తల్లులు ఇద్దరిద్దరు వంతులు వేసుకుని వంట చేశారు. అన్ని రోజులూ 31 మందీ నడుచుకుంటూ వేళకు పరీక్ష గది చేరుకున్నారు.

ఆ అమ్మాయి చేసిన పనికే వ్యవస్థా విశ్లేషణ అని పేరు. అందులో ఉండేవి ఇవే. అసలు పని ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఆ పనికి ఎన్ని దారులున్నాయో, ఎవరికీ తోచని దారితో సహా, అన్నీ రాసుకోవాలి. ఒక్కో దారికి డబ్బెంత, కాలమెంత, ప్రమాదమెంత అని లెక్క కట్టాలి. అప్పుడు పోల్చి చూడాలి. వ్యవస్థ అంటే ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటి మొత్తం. మా విషయంలో బండి ఒక్కటే వ్యవస్థ కాదు. వాగు, ఇసుక, పిల్లల నిద్ర, తల్లుల వంట అన్నీ కలిసి వ్యవస్థ.

సైన్యాలకు ఈ లెక్కలు రెండవ ప్రపంచ యుద్ధంలో గట్టిగా అలవాటయినాయి. బ్లాకెట్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారూ ఆయుధాలు కనిపెట్టడానికి బదులు, ఉన్న ఆయుధాలను, ఓడలను, విమానాలను ఎలా వాడితే ఎక్కువ ఫలితం వస్తుందో లెక్క కట్టారు. దానిని ఆపరేషన్స్ రీసెర్చి అన్నారు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రక్షణ శాస్త్ర పరిశోధనను ఎలా నడపాలో సలహా ఇచ్చినది కూడా ఈ బ్లాకెటే. మన దేశంలో మొట్టమొదటి ఆపరేషన్స్ రీసెర్చి విభాగం ఎక్కడ ఏర్పడిందో తెలుసా? మన హైదరాబాదులోనే, 1949లో, ఈనాడు ఐ.ఐ.సి.టి. అని పిలిచే పరిశోధనాలయంలో. ఇప్పుడు సైన్యం తరఫున ఇటువంటి లెక్కలు వేయడానికి ఢిల్లీలో డి.ఆర్.డి.ఓ.కు ప్రత్యేకంగా ఒక సంస్థే ఉన్నది.

ఇక బండ్ల సంగతి చూద్దాం. యుద్ధపు బండికి మూడు గుణాలు కావాలి. శత్రువును కొట్టే ఫిరంగి కావాలి. లోపలివారిని కాపాడే మందపాటి కవచం కావాలి. వేగంగా ఎక్కడికయినా పోగల కదలిక కావాలి. చిక్కేమిటంటే ఈ మూడూ ఒకదాన్ని ఒకటి లాగుతాయి. కవచం మందం చేస్తే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది. వేగం కోసం పెద్ద ఇంజను పెడితే దానికి చోటు కావాలి. చోటు పెరిగితే దానికీ కవచం కప్పాలి. మళ్ళీ బరువు! ముగ్గురు పిల్లలు ఒకే దుప్పటి కప్పుకున్నట్టు, ఒకరు లాక్కుంటే ఇంకొకరికి చలి.

దీనికి ఒక మంచి ఉదాహరణ మన తెలంగాణలోనే ఉంది. సంగారెడ్డి జిల్లాలో ఎద్దుమైలారం అనే ఊరున్నది. అక్కడ 1984లో ఆయుధ కర్మాగారం పెట్టారు. సైనికులను మోసుకుపోయే బి.ఎం.పి.-2 అనే బండి అక్కడ తయారవుతుంది. అది రష్యావారి నమూనా. మనవాళ్ళు పెట్టిన పేరు సారథ్. దాని బరువు సుమారు 14 టన్నులు. బండి నడిపి, ఫిరంగి పేల్చేవారు ముగ్గురు, వెనక కూర్చునే సైనికులు ఏడుగురు. చక్రాలకు బదులు ఇనుప పట్టాల మీద నడుస్తుంది. అంతకన్నా వింత, అది నీళ్ళలో ఈదుతుంది! గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో నది దాటిపోతుంది.

14 టన్నుల ఇనుము ఎలా తేలింది? ఆర్కిమెడీస్ సూత్రం మీరు చదువుకున్నారు గదా. 14 టన్నుల వస్తువు తేలాలంటే 14 టన్నుల నీటిని, అంటే 14 ఘనమీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. బండి పెట్టెను అంత పెద్దదిగా, లోపల గుల్లగా చేశారు కనుక తేలింది. కాని దాని కవచం పలుచన. తుపాకీ గుండ్లను, పేలిన గుండ్ల తునకలను ఆపుతుంది. టాంకు ఫిరంగి దెబ్బకు ఆగదు. 1980ల్లో సోవియట్ సైన్యం ఈ బండ్లను ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో వాడింది. అక్కడ దెబ్బలు ఎక్కువగా తగలడంతో కొన్ని బండ్లకు అదనంగా ఇనుప పలకలు బిగించారు. రక్షణ పెరిగింది. బరువూ పెరిగింది. దానితో ఆ బండ్లకు ఈత పోయింది! అది తప్పు పనా? కాదు. ఆ కొండల్లో ఈదవలసిన నదులకంటే తప్పించుకోవలసిన గుండ్లే ఎక్కువ. అదే పలకలు పంజాబు కాలువల దగ్గర బిగిస్తే నష్టం కావచ్చు. నేను మొదట చెప్పిన చల్క, రేగడి సంగతే ఇది.

ఇప్పుడు మన దేశంలో తయారయిన అర్జున్ టాంకును తీసుకుందాం. ఆ పథకానికి 1974లో అనుమతి వచ్చింది. చెన్నై దగ్గర ఆవడిలో ఉన్న డి.ఆర్.డి.ఓ. పరిశోధనాలయం దానిని రూపొందించింది. మొదట దాదాపు 40 టన్నుల టాంకు అనుకున్నారు. కాలం గడిచేకొద్దీ ఇరుగు పొరుగు సైన్యాల ఫిరంగులు బలపడ్డాయి. మన టాంకుకూ పెద్ద ఫిరంగి కావలసివచ్చింది, గట్టి కవచం కావలసివచ్చింది. ఆ కవచం తయారయింది హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని లోహ పరిశోధనాలయంలో. అందుకే దాని పేరు కంచన్ కవచం. ఇవన్నీ చేరి టాంకు బరువు 58 టన్నులు దాటింది. మొదటి టాంకులు సైన్యం చేతికి అందేసరికి 2004వ సంవత్సరం వచ్చింది.

58 టన్నుల బండి నేలలో కూరుకుపోదా? ఇక్కడొక లెక్క ఉంది. 45 కిలోల పిల్లవాడి రెండు పాదాలూ కలిపి 225 చదరపు సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. 45ను 225తో భాగిస్తే, చదరపు సెంటీమీటరుకు 0.2 కిలో. అంటే నేల మీద అతని ఒత్తిడి అంత. కారు టైరు నేలను సుమారు 2 కిలోల ఒత్తిడితో నొక్కుతుంది. మరి అర్జున్ టాంకో? 0.84 కిలో మాత్రమే! కారుకంటే టాంకే నేల మీద మెత్తగా అడుగు వేస్తుందన్నమాట. వెడల్పయిన పొడుగాటి పట్టాల మీద బరువంతా పరుచుకోవడమే దీనికి కారణం. మన రైతులు పొలం కరిగెట చేసేటప్పుడు ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుప చక్రాలు తగిలించేదీ, ఒంటె ఇసుకలో నడవగలిగేదీ కొంతవరకు ఇందువల్లనే.

అయితే నేల ఒప్పుకున్నంత మాత్రాన అందరూ ఒప్పుకున్నట్టు కాదు. నేల ఒత్తిడిని చూస్తుంది. వంతెన మొత్తం బరువును చూస్తుంది. రైలు వ్యాగను వెడల్పును చూస్తుంది. అర్జున్ వెడల్పు 3.86 మీటర్లు, దానిని మోయడానికి ప్రత్యేకమైన వ్యాగన్లు కావలసివచ్చాయి. ఒకే టాంకుకు నేల దగ్గర ఒక లెక్క, వంతెన దగ్గర ఒక లెక్క, రైల్వే స్టేషనులో ఇంకొక లెక్క.

మీ ప్రోగ్రెసు కార్డు గుర్తు తెచ్చుకోండి. అయిదు పాఠాలలో 90 మార్కులు వచ్చి, ఆరవదానిలో 10 వస్తే, మొత్తం చూసి పాసు చేస్తారా? చేయరు. ప్రతిదానిలోనూ కనీసపు మార్కులు రావాలి. బండి కూడా అంతే. ఫిరంగికి 95, కవచానికి 95 ఇచ్చి, వంతెన దాటడానికి సున్నా వేసి, మొత్తం కూడి "మొదటి తరగతి" అంటే, ఆ టాంకు నది ఇవతలే నిలబడి ఉంటుంది. మరి అర్జున్ తప్పిందా? లేదు. 2010లో రాజస్థాన్ ఎడారిలో దానినీ, రష్యా నమూనా టి-90 టాంకునూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఆ పరీక్షల్లో అర్జున్ బాగా రాణించింది. 2021లో మెరుగుపరచిన అర్జున్ టాంకులు 118 కావాలని ఆర్డరు ఇచ్చారు. ఏ నేలకు ఏది తగునో చూసి వాడుకోవడమే తెలివి.

అన్నీ ఒకే బండిలో ఉండాలని పట్టుబడితే ఏమవుతుందో కూడా వినండి. 1963లో అమెరికా, పశ్చిమ జర్మనీ కలిసి ఎం.బి.టి.-70 అనే టాంకుకు పూనుకున్నాయి. గుండ్లనూ క్షిపణులనూ కూడా పేల్చే 152 మిల్లీమీటర్ల ఫిరంగి. తనంతట తాను గుండు నింపుకునే యంత్రం. ఒంటెలాగా లేచి, కూర్చునే శరీరం. డ్రైవరును కూడా పైన తిరిగే బురుజులోనే కూర్చోబెట్టారు. బురుజు ఎటు తిరిగినా అతని ఆసనం ముందువైపే చూసేటట్టు ఎదురు తిరిగేది. పాపం, డ్రైవర్లకు తల తిరిగింది! ఖర్చు పెరిగి పెరిగి, 1970లో జర్మనీ తప్పుకుంది. అమెరికా దానిని కొంత తగ్గించి చూసింది గాని, 1971 చివర ఆ దేశపు చట్టసభ డబ్బు ఆపేసింది. అందులో ఉన్న ఒక్కో గుణమూ మంచిదే. అన్నీ కలిసి ఒక్క బండీ సైన్యానికి అందలేదు.

ఖర్చు మాట వచ్చింది గనుక సంఖ్య గురించి ఒక చమత్కారమైన లెక్క చెబుతాను. 1916లో లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీనిని ప్రచురించాడు. ఆయన కార్లు కూడా తయారు చేసినవాడు. బయలు ప్రదేశంలో ఒకవైపు 5, ఒకవైపు 3 సమానమైన టాంకులు ఎదురుపడ్డాయనుకోండి. మూడింటి పక్షం పూర్తిగా పోయేసరికి అయిదింటి పక్షంలో ఎన్ని మిగులుతాయి? "రెండు" అంటారు మీరు. కాదు, సుమారు నాలుగు! అయిదు కలిసి మూడింటిని కొడతాయి. అవతలివి తగ్గిన కొద్దీ ఇటు తగిలే దెబ్బలూ తగ్గిపోతాయి. అందుకే సంఖ్యను కాక, సంఖ్య వర్గాన్ని లెక్కించాలన్నాడాయన. 5 వర్గం 25. 3 వర్గం 9. తీసివేస్తే 16. దాని వర్గమూలం 4.

ఇప్పుడు రెండు ఊహా టాంకులను పోల్చండి. ఒక సైన్యం దగ్గర సాదా టాంకులు 100 ఉన్నాయి. మరమ్మతు సులువు కనుక ఏ రోజు చూసినా 90 సిద్ధంగా ఉంటాయి. ఇంకొక సైన్యం దగ్గర గొప్ప టాంకులు 100 ఉన్నాయి; సున్నితమైన యంత్రాలు కనుక 60 మాత్రమే సిద్ధంగా ఉంటాయి, మిగతావి షెడ్డులో. 90 వర్గం 8100. 60 వర్గం 3600. భాగిస్తే 2.25. అంటే ఆ గొప్ప టాంకు సాదా టాంకుకంటే రెండుంపావు రెట్లు గొప్పదయితే తప్ప సరిసమానం కాదు. షెడ్డులో ఒక మెకానిక్కు, అలమారాలో ఒక స్పేరు పార్టు కూడా ఫిరంగితో సమానంగా యుద్ధం చేస్తాయని ఈ లెక్క చెబుతుంది. ఇది బయలు ప్రదేశపు లెక్క. చెట్టు చాటునా, గుట్ట చాటునా ఇంత నికరంగా ఉండదు.

గుట్టలంటే గుర్తొచ్చింది. 1948 నవంబరు 1వ తేదీన మన సైన్యం కాశ్మీరులో జోజిలా కనుమ మీదికి టాంకులతో ఎక్కింది. కనుమ ఎత్తు 11 వేల అడుగులకు పైనే. అంత ఎత్తుకు టాంకులు వస్తాయని శత్రువు కలలో కూడా అనుకోలేదు. అవి స్టూవర్ట్ అనే తేలిక టాంకులు, ఆనాటికే పాతవి. ఫిరంగి బురుజులు విప్పి, రహస్యంగా వాటిని కాశ్మీరుకు చేర్చారు. మద్రాసు సాపర్లు, అంటే దారులు వేసే సైనికులు, కొండదారిని టాంకు పట్టేటంత వెడల్పు చేశారు. జనరల్ తిమ్మయ్య ఈ దాడి నడిపించాడు. గెలిపించింది టాంకా? టాంకూ, దాని తక్కువ బరువూ, దారి వేసిన పారా పలుగూ, రహస్యమూ అన్నీ కలిసి గెలిపించాయి. వ్యవస్థ అంటే అదీ.

ఈ కొండల లెక్క మన జిల్లాకు దూరపుది కాదు. 2020 జూన్ 15 రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనవాళ్ళు 20 మంది అమరులైనారు. వారికి నాయకుడు కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. మన సూర్యాపేట బిడ్డ. ఆ వార్త విన్నరోజు మా వీధిలో చాలా ఇళ్ళలో అన్నం వండుకున్నారు గాని తినలేదు. ఆ ఘర్షణలో టాంకులు లేవు. కాని ఆ వేసవి నుంచి మన టాంకులనూ, బి.ఎం.పి. బండ్లనూ విమానాల్లో లదాఖ్‌కు చేర్చవలసివచ్చింది. అక్కడ గాలి పలుచన. మైదానంలోని గాలిలో దాదాపు మూడింట రెండు వంతులే. మనిషికే ఊపిరి ఆడదు, ఇంజనుకు ఎలా ఆడుతుంది? బలం తగ్గుతుంది. దారులు ఇరుకు. అందుకని పాత ప్రశ్న కొత్తగా వేసుకున్నారు: ఈ పనికి, ఈ నేల మీద, ఏ బండి? జవాబుగా వచ్చినది జోరావర్ అనే తేలిక టాంకు. బరువు 25 టన్నులు. డి.ఆర్.డి.ఓ., ఎల్ అండ్ టి కంపెనీ కలిసి తయారు చేశాయి. 2024 జూలైలో గుజరాతులోని హజీరాలో చూపించారు. అదే సంవత్సరం డిసెంబరులో 4200 మీటర్లకు పైన ఎత్తులో దాని ఫిరంగి పేల్చి చూశారు. పెద్ద సి-17 విమానంలో 46 టన్నుల టి-90 అయితే ఒకటే పడుతుంది. 25 టన్నులవి రెండు పడతాయి. దీని కవచం అర్జున్ కవచమంత మందం కాదు. ఇక్కడ కూడా ఒకటి కావాలనుకుని ఇంకొకటి వదులుకున్నారు, తెలిసి వదులుకున్నారు.

ఇన్ని లెక్కలు చెప్పాను గాని, లెక్కలకూ ఒక హద్దు ఉంది. 1961 నుంచి 1968 దాకా అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న మక్‌నమారా ఈ వ్యవస్థా విశ్లేషణను తన శాఖలో మూలమూలలా ప్రవేశపెట్టాడు. దానివల్ల దుబారా ఎక్కడ ఉందో చాలాచోట్ల తెలిసింది. కాని వియత్నాం యుద్ధంలో అంకెలకు అందినవాటినే లెక్కపెట్టి, అందని మనుషుల మనసులను వదిలేశారన్న విమర్శ ఆయనకు తప్పలేదు. టన్నులు తూకానికి వస్తాయి, కిలోమీటర్లు కొలతకు వస్తాయి. ధైర్యం, భయం, అలసట ఏ తూకానికి వస్తాయి?

మహబూబ్‌నగర్ జిల్లాలో నా దగ్గర చదివిన ఒక అబ్బాయి సైన్యంలో చేరి బి.ఎం.పి. బండి నడిపేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుంటే, "మంచి బండి అంటే ఏదిరా?" అని అడిగాను. వేగం గురించో, ఫిరంగి గురించో చెబుతాడనుకున్నాను. వాడు కాసేపు ఆలోచించి, "వెనక తలుపు తీస్తే ఏడుగురు దిగుతారు సార్. పని అయినాక ఆ ఏడుగురూ మళ్ళీ ఎక్కితే అది మంచి బండి" అన్నాడు. నేను విన్న జవాబులన్నిటిలోకీ నాకు నచ్చినది అదే. కాగితం మీద లెక్క వేసేవాళ్ళు వేసే ప్రతి అంకె వెనకా ఆ ఏడుగురు కూర్చుని ఉంటారు. అంకె ఒకటి అశ్రద్ధగా వేస్తే వారిలో ఒకరి చోటు ఖాళీ కావచ్చు. అందుకే ఆ లెక్కను ఒకరు వేస్తే ఇంకొకరు సరిచూస్తారు. ఇద్దరూ సరే అన్నా బండిని బురదలోకీ, ఎడారిలోకీ, మంచులోకీ దింపి చూడందే ఒప్పుకోరు.

ఇక మీకు రెండు పనులు. ఒకటి: గళ్ళ కాగితం మీద మీ పాదం పెట్టి చుట్టూ గీత గీసి, గళ్ళు లెక్కపెట్టండి. మీ బరువును రెండు పాదాల వైశాల్యంతో భాగించి, నేల మీద మీ ఒత్తిడి ఎంతో కనుక్కోండి. ఒంటికాలి మీద నిలబడితే ఎంతవుతుందో కూడా చూడండి. రెండు: ఈసారి మీ ఇంట్లో సైకిలో, మోటారో, కుట్టుమిషనో కొనాలనుకున్నప్పుడు అమ్మానాన్నలతో కూర్చుని, అసలు పని ఏమిటి, ఎన్ని దారులున్నాయి, కొన్నాక ఏటేటా మరమ్మతుకు ఎంతవుతుంది, దానిని వాడే మనిషి ఎవరు అని నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాయండి. నాలుగో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఆ మనిషిని తప్పకుండా అడిగి రాయండి. రెండు కాగితాలూ మీ లెక్కల మాస్టారికి చూపించండి.